బొటనవేలి గాడి

నేను ఒక గొర్రును. దున్నేది కాదు, విత్తేది. నన్ను చూడనివాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు కాబట్టి ముందు నా ఆకారం చెబుతాను. అడ్డంగా ఒక దిండు. దిండు కింద నాలుగు కొయ్య పళ్ళు, వాటి కొసలకు ఇనుప మొనలు. ఒక్కో పంటి వెనక ఒక్కో వెదురు గొట్టం. గొట్టాలన్నీ పైకి వచ్చి ఒక కొయ్య గిన్నె అడుగున చేరతాయి. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. దాని అడుగున నాలుగు బెజ్జాలు. ముందు ఎద్దులు లాగుతుంటే, వెనక నడిచే ఆడమనిషి ఒడిలోంచి గింజలు తీసి జడ్డిగంలో వదులుతుంది. గింజలు నాలుగు దారులై నేలలోకి దిగుతాయి. ఆ వదలడాన్ని ఎద పెట్టడం అంటారు.

ఇదంతా నేనే అనుకోవద్దు. నా దిండు విరిగితే కొత్తది వేశారు. పళ్ళు అరిగితే మార్చారు. గొట్టాలు చీలితే మార్చారు. పుట్టిన రోజు నుంచి చివరిదాకా నాతో ఉన్నది జడ్డిగం ఒక్కటే. కాబట్టి నేను అన్నప్పుడల్లా మీరు ఆ గిన్నెను తలుచుకుంటే చాలు.

మా ఊరు నల్లగుట్లపల్లి. అనంతపురం వైపు ఎర్రనేల. అక్కడ ముంగారు వాన, అంటే తొలకరి, పడితే నేలలో విత్తుకు కావలసిన పదును కొద్ది రోజులే నిలుస్తుంది. ఆ లోపల వేరుశెనగ గింజ లోపలికి పోవాలి. పోకపోతే ఆ ఏటి పంట లేదు. ఇంత తొందరపు నేలలో నా పని.

నన్ను చేసినవాడు ఊరి వడ్రంగి, వడ్ల కాళాచారి. అప్పటికి పడుచువాడు. తండ్రి పోయాక సొంతంగా చేసిన మొదటి గొర్రు నేనే. తండ్రి చేసిన పాత గొర్రును ఎదురుగా పెట్టుకుని, దాన్ని చూస్తూ నన్ను చేశాడు. దాని వంకరలు కూడా నాకు వచ్చాయి. చేసినవాడికి చేసిన వస్తువు గురించి అంతా తెలుసని మనుషులు అనుకుంటారు. నన్ను కొట్టంలోంచి బయటికి మోసిన రోజు ఆచారికి నా గురించి తెలిసింది చాలా తక్కువ. నాకూ అంతే.

నన్ను చేయించుకున్నవాడు పెన్నోబులు. ఊళ్ళో ఓబులు అనేవాళ్ళు. మాట తక్కువ మనిషి. ఎద్దులతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడేవాడు కాదు. భార్య ఆదెమ్మ. వాళ్ళతోబాటు ఆ ఇంట్లో ఓబులు అక్క చౌడమ్మ ఉండేది. ఊరంతా చౌడక్క అనేది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే, ఒక ట్రంకుపెట్టెతో తమ్ముడింటికి వచ్చి చేరింది. వచ్చిన ఏడే ఎద పెట్టే పని తన మీద వేసుకుంది.

నన్ను మొదటిసారి చేనికి తెచ్చినప్పుడు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. మొదటి గుప్పెడు ముత్తైదువ వేయాలి. అది పద్ధతి. చౌడక్క గట్టు మీద, మొహం అటు తిప్పుకుని నిలబడింది. ఆదెమ్మ చేతినిండా గాజులతో వచ్చి, దండం పెట్టుకుని, ఒక గుప్పెడు నాలో పోసింది. పోసింది అనే అనాలి, వదిలింది అనడానికి లేదు. గింజలన్నీ ఒక్కసారి దబ్బున దిగాయి. ఎద్దులు నాలుగడుగులు వేయగానే ఆదెమ్మ తన ఒడిమూట విప్పి చౌడక్క నడుముకు కట్టింది. మంగళం అయిపోయింది. ఆ చేను మొత్తానికి మిగిలిన గుప్పెళ్ళన్నీ చౌడక్కవే.

మొలక వచ్చాక గట్టున పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. మొదటి సాలు మొదట్లో మొక్కలు గుంపుగా లేచి, ఆ తర్వాత కొంచెం దూరం ఏమీ లేక, అక్కణ్ణించి చక్కగా సాగేవి.

"ఏమప్పా ఓబులూ, గంప దొర్లిచ్చినావా ఈడ?" అని అడిగేవాళ్ళు.

"అది మా ఆదెమ్మ మంగళం. ఆడ్నుంచి మా యక్క సేద్యం" అనేవాడు ఓబులు. వాడు ఏడాది మొత్తానికి ఆడే హాస్యం అదొక్కటే.

ఆదెమ్మ కూడా నవ్వేది. "నా చెయ్యి పసుపూ కుంకానికే లేప్పా. సేద్యం చెయ్యి మా వదినది" అనేది. ఏటా ఆ గుంపు మొక్కల్ని చూసి ఏటా నవ్వుకునేవాళ్ళు. ఎవరూ ఆ పద్ధతి మార్చలేదు. నన్ను మాత్రం ఏటా మార్చారు.

మొదటి ఏడే నాలో తప్పు బయటపడింది. ఎడమవైపు సాళ్ళు ఒత్తుగా, కుడివైపు సాళ్ళు పలచగా వచ్చాయి. చౌడక్క ఆచారి కొట్టానికి పోయి గడప దగ్గర కూర్చుంది. నన్ను అంతకు ముందే అక్కడ దించి ఉన్నారు.

"ఆచారీ, గింజలు ఎడమకే పోతాండాయి."

"నీ చెయ్యి కుడిది గదమ్మా. అట్లే ఇసురుతాది. చెయ్యి తిప్పుకో."

"నేను తిప్పుకుంటాలే. నువ్వు గూడా రవ్వంత తిప్పుకో."

ఆచారి చాలాసేపు నా లోపలికి చూశాడు. తర్వాత నా అడుగున, బెజ్జాల నడుమ, చిన్న గుబ్బలాంటిది బిగించాడు. గింజలు దాని నెత్తిన పడి నాలుగు పక్కలకూ చెదిరేట్టు. అది సరయిందో లేదో తెలియడానికి మళ్ళీ ముంగారు దాకా ఆగాల్సి వచ్చింది. మా పనిలో తప్పు తెలియాలంటే ఒక వాన కావాలి. దిద్దింది సరో కాదో తెలియాలంటే ఇంకో వాన కావాలి. కుండ చేసేవాడికి ఆ పూటే తెలుస్తుంది, మాకు అట్లా కాదు. ఏడాదికి ఒక్క పాఠం. ఆ పాఠంలో తప్పితే ఏడాది ఆకలి.

అట్లా ఒక ఏడు గింజ మరీ లోతుకు పోయి నేలలోనే కుళ్ళింది. ఆ తర్వాత నన్ను పైకీ కిందికీ సర్దుకునేట్టు, కాడికి కట్టే నొగ దగ్గర ఒక చీల వచ్చింది. ఇంకో ఏడు గొట్టాల లోపల వెదురు గణుపులు సరిగా చెక్కక గింజ తట్టుకుంది. ఆ తర్వాత ఆచారి కాల్చిన కడ్డీతో గణుపులు నున్నగా చేయడం నేర్చుకున్నాడు. ప్రతిసారీ చౌడక్కే పోయి ఆ గడప దగ్గర కూర్చునేది. ఆమెకు పేర్లు తెలియవు, కొలతలు తెలియవు. "ఈడ ఏదో అడ్డం పడతాండాది, నా ఏళ్ళకు తెలుస్తాంది" అనేది. ఆచారి మొదట్లో విసుక్కునేవాడు. కొన్నేళ్ళకు, ముంగారు అయిపోయి ఆమె రాకపోతే తనే కబురు పెట్టేవాడు.

ఎద పెట్టేటప్పుడు ఆమె చెయ్యి నా అంచు మీద ఆనేది. పిడికిట్లోని గింజల్ని బొటనవేలితో కొద్దికొద్దిగా తోస్తూ వదిలేది. అన్నేళ్ళు ఆ వేలు ఒకేచోట రాసుకుని రాసుకుని, నా అంచు మీద నున్నటి గాడి పడింది. ఒకసారి ఆచారి దాన్ని చూసి, "అయ్యో, అంచు అరిగిపోయిందే" అని చిత్రిక పట్టడానికి కూర్చున్నాడు. చౌడక్క అతని చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"దాన్ని ముట్టొద్దు సామీ. అది అరిగింది గాదు. అది నాకు కుదిరింది."

ఆచారి చిత్రిక కింద పెట్టాడు. అంతకు ముందు ఎవరూ అతనికి అట్లాంటిది చెప్పలేదేమో, ఆ రోజంతా పని మధ్యలో ఆగి ఆ గాడిలో వేలు పెట్టి చూసుకుంటూ ఉన్నాడు.

అంచు నాకు అరిగినట్టే ఆమెకు మణికట్టు అరిగింది. పొద్దెక్కేసరికి బొటనవేలి మొదలు ఉబ్బేది. సాయంత్రం ఆముదం రాసుకుని గుడ్డ కట్టుకునేది. ఒక ఏడు నాగళ్ళు విప్పే వేళ ఆచారి ఆమెను చూసి, "ఎద పెట్టేదానికి ఇంగెవురినన్నా పిల్చుకోండమ్మా. నువ్వు రవ్వంత కూచో" అన్నాడు.

"కూచుంటే ఎట్లప్పా?" అంది చౌడక్క. "ఈ ఇంట్లో నేను తినే ముద్ద ఈ చేతిది. ఇది ఆడినంత కాలం నేను యావరికీ భారం గాదు."

ఆ మాట ఓబులూ వినలేదు, ఆదెమ్మా వినలేదు. విని ఉంటే నొచ్చుకునేవాళ్ళు. ఆమె భారమని వాళ్ళు ఏనాడూ అనలేదు. అనుకోను కూడా లేదు. అనుకున్నది ఆమె. మనుషులు ఇతరులు వేయని బరువును వాళ్ళే ఎత్తి నెత్తిన పెట్టుకుంటారు. దించమని చెప్పేవాళ్ళకు అది కనపడదు.

ఆచారి మాత్రం ఆ ఉబ్బిన వేలిని మరిచిపోలేదు. తాలూకా ఊళ్ళో ఎక్కడో చూసి వచ్చాడు, పెట్టెలో గింజలు పోస్తే ఒక చక్రం తిరుగుతూ వాటిని తనే వదిలే ఏర్పాటు. ఆ ఎండాకాలమంతా నా మీద దాన్నే కట్టాడు. పక్కన నేల మీద దొర్లే ఒక చిన్న చక్రం, దానికి పాత సైకిల్ చైను, పైన గింజల పెట్టె, పెట్టె అడుగున గుంటలు తొలిచిన కొయ్య చక్రం. ఆ గుంటల్లో గింజలు ఎక్కి, తిరిగి నా గిన్నెలో పడాలి. చూడ్డానికి బాగానే వచ్చింది. పడాల్సినన్ని పడలేదు. ఒకసారి ఒకటి, ఒకసారి గుప్పెడు.

చౌడక్కను పిలిచాడు. ఆమె గడప దగ్గర కాదు, ఈసారి లోపలికి వచ్చి అలికిన నేల మీద కూర్చుంది. పిడికిట్లోంచి గింజలు వదులుతూ కూర్చున్నచోటి నుంచే చెయ్యి పక్కకు జరుపుకుంటూ పోయింది. నేల మీద వరస పడింది. ఆచారి ఆ వరస చూసి గుంట తొలిచాడు. మళ్ళీ తిప్పాడు.

"ఇంకా రవ్వంత లోతు తగ్గియ్. నా ఏళ్ళు అంత ఇడవవు" అంది.

తగ్గించాడు.

"ఇప్పుడు మరీ పిసినారి అయిపాయ. మా ఆదెమ్మ నాయన మాదిరి."

ఆచారి నవ్వి ఇంకోటి తొలిచాడు. పాడైన చక్రాలు మూలన పోగయ్యాయి. ఎండాకాలం అట్లా గడిచింది. అతను ఆమె చేతిని చూస్తూ చెక్కాడు, ఆమె అతను చెక్కింది చూసి చెయ్యి మళ్ళీ ఆడించింది. కొన్నిసార్లు తన చేతిని తనే ఆపుకుని చూసుకునేది. అన్నేళ్ళు చేసిన పనిని ఆమె మొదటిసారి బయటి నుంచి చూస్తోంది.

ఒక రోజు ఓబులు వచ్చి నిలబడి చూసి, "ఇదొస్తే నీ పని పోతాది గదక్కా" అన్నాడు. ఊరికే అన్నాడు.

"ఏడ పోతాది? దాంట్లో ఉండేది నా చెయ్యే గదరా."

ముంగారు పడింది. ఆదెమ్మ పసుపు చేతులతో నాలో మొదటి గుప్పెడు వేసింది. తర్వాత పెట్టెలో గింజలు నింపారు. ఓబులు ఎద్దుల్ని అదిలించాడు. చక్రం తిరిగింది. గింజలు నా గిన్నెలో పడ్డాయి, గుబ్బ మీద చెదిరి నాలుగు దారుల్లో పోయాయి. సరిగ్గా ఆమె వదిలినట్టే. ఆచారి గట్టు మీద నిలబడి ఏడ్చినంత పని చేశాడు.

చౌడక్క ఆ రోజు నా వెనకే నడిచింది. ఒడిలో మూట లేదు. అయినా ఆమె కుడిచెయ్యి నడుం దగ్గర పిడికిలి బిగించే ఉంది. బొటనవేలు మెల్లగా కదులుతూనే ఉంది. నేను వెనక్కి తిరిగి చూడలేను. సాలు చివర మళ్ళించినప్పుడు మాత్రం చూశాను.

మధ్యాహ్నం ఓబులు అన్నాడు, "అక్కా, ఎండలో నువ్వెందుకు ఊరికే? ఇంటికి పో, కూచో."

ప్రేమతోనే అన్నాడు. ఆమె గట్టు ఎక్కి వెళ్ళిపోయింది.

పనిలేని కాలంలో నన్ను వంటింటి పక్క చావిట్లో ఆనిస్తారు. అక్కణ్ణించి ఇల్లంతా కనపడుతుంది. ఆ ఏడు చౌడక్క అందరికన్నా ముందు లేచి పశువుల కొట్టం ఊడ్చేది. ఊడ్చినచోటే మళ్ళీ ఊడ్చేది. ఊళ్ళోవాళ్ళ విస్తరాకులు కుట్టి పెట్టేది. అందరూ తిన్నాక కూర్చునేది. ఆమె పళ్ళెంలో ముద్ద చిన్నదవుతూ వచ్చింది.

"ఏం వదినా, కోడిపిల్ల తిన్నంత గూడ తినల్యా?" అని ఆదెమ్మ గిన్నె పట్టుకుని వచ్చేది.

"కూచున్నదానికి ఆకలి యాడిదమ్మే" అనేది చౌడక్క, పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి.

నాకు పెట్టె వచ్చింది, చక్రం వచ్చింది. ఊళ్ళో నాలాంటిది ఇంకోటి లేదు. చూడ్డానికి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. వాళ్ళు చక్రం తిప్పి చూస్తుంటే, ఆ గుంటల్లో ఉన్న చెయ్యి చావిట్లో విస్తరాకులు కుడుతూ ఉండేది.

తర్వాతి ముంగారుకు ఆమెను చేనికి రావద్దన్నారు. వాన గట్టిగా పడింది, నేల ఇంకా తడిగానే ఉంది, అయినా పదును పోతుందని ఓబులు తొందరపడ్డాడు. నా మూడో పంటికి బురద ఎక్కి గొట్టం మూతి మూసుకుపోయింది. గింజలు గొట్టంలోనే నిలిచాయి. ఓబులు ఎద్దుల్ని చూస్తూ ముందుకే పోయాడు. చక్రం తిరుగుతోంది, పెట్టె ఖాళీ అవుతోంది, అన్నీ సరిగానే ఉన్నట్టు ఉంది. నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు. గొంతులో గింజలు అడ్డం పడ్డవాడు ఎట్లా చెబుతాడు?

మొలకలు వచ్చాక చేను దువ్విన తలలో పాయలు పాయలుగా జుట్టు ఊడిపోయినట్టు కనపడింది. మూడు సాళ్ళు పచ్చగా, ఒక సాలు ఎర్రగా. ఆ చేను పొడుగునా అదే. ఓబులు సాయంత్రం వచ్చి చావిట్లో కూర్చున్నాడు. కాళ్ళు కూడా కడుక్కోలేదు.

"నువ్వు ఎనకాల ఉండింటే తెలుస్తాండె" అన్నాడు అక్కతో.

ఆదెమ్మ కూడా, "చెయ్యితో పెట్టేటప్పుడు గింజ నిలిస్తే వదినకు తెలిసేది. ఈ పెట్టెకు ఏం తెలుస్తాది?" అంది.

అందరి మొహాలూ దిగులుగా ఉన్నాయి. ఆ ఏడు సగం తిండే అని వాళ్ళకు తెలుసు. చౌడక్క మొహం మాత్రం వేరుగా ఉంది. ఆమె ఆ పూట రాగిముద్ద ఇంకొంచెం పెట్టించుకుని తిన్నది. అందుకు తనే సిగ్గుపడుతున్నట్టు, తల వంచుకుని తిన్నది.

ఆ మరుసటి ముంగారుకు ఆమెకు మళ్ళీ చేను దొరికింది. ఎద పెట్టడానికి కాదు, గొట్టాలు చూడ్డానికి. నా వెనకాల వంగి నడుస్తూ ఒక్కో గొట్టం మీద వేళ్ళు ఆనించేది. గింజ జారుతుంటే గొట్టం సన్నగా అదురుతుంది. అదురు లేకపోతే "ఓ" అని కేక వేసేది. ఓబులు ఎద్దుల్ని నిలిపేవాడు. ఆమె పుల్లతో బురద తీసేది. ఆ పుల్లను కొప్పులో గుచ్చుకునేది. ఆ రెండు మూడేళ్ళూ నాకు జరిగిన కాలంలో మంచివి. ఆమె వేళ్ళు నా అంచు విడిచి గొట్టాల మీదికి వచ్చాయి, అంతే తేడా. సాలు చివర ఎద్దులు తిరిగే జాగాలో, ఊపిరి తీసుకుంటూ, ఆమె బొటనవేలు మళ్ళీ పాత గాడిలో పెట్టుకుని నిలబడేది.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. ఏం జబ్బో నాకు తెలియదు. రక్తం తక్కువైందని, కడుపులో ఏదో ఉందని అనుకున్నారు. ఎండలు ముదిరిన రోజుల్లో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆమెను బండి ఎక్కించేటప్పుడు నేను చూశాను. మళ్ళీ చూడలేదు. ఆ తర్వాతది, నా ముందు కూర్చుని ఓబులూ ఆచారీ మాట్లాడుకుంటుంటే విన్నది.

ఆమె చేతికి సెలైన్ ఎక్కించారు. ఆ కుడిచేతికే. ఆమె పడుకుని పైన వేలాడే సీసానే చూసేదట. సీసా కింద గాజులాంటి చిన్న బుడ్డి, దాంట్లో బొట్టు బొట్టుగా పడటం, అక్కణ్ణించి పైపులో దిగటం. బొట్టు ఆగితే నర్సమ్మ వచ్చి సర్దేది. ఎవరూ గొట్టం పట్టుకుని చూడనక్కరలేదు. దూరం నుంచి చూసినా తెలుస్తుంది.

ఆచారి చూడబోయిన రోజు ఆమె అతనికి ఆ పైపు చూపించింది.

"చూసినావా ఆచారీ, పడేది కనపడతాంది."

"అవునమ్మా."

"మన గొట్టాలు గూడ నడుమ కోసి, ఇట్లాంటిది పెడితే? గింజ దిగేది కండ్లకు అగపడతాది. ఆగితే ఆగిందని తెలుస్తాది."

ఆచారి లేచి ఆ పైపును వేలితో తట్టి చూశాడట. చివరికి, "అది పెడితే ఇంగ నీకు చేనికాడ పనేముంటాది చౌడమ్మా?" అన్నాడట.

ఆమె పైపు కేసే చూస్తూ, "ఈ ఏడు మా వాని ఎనకాల ఎవురు నడుస్తారు?" అందట. "వాడు ముందుకు చూసుకుంటా పోతాడు. సాలు కాలీగా పోతే వాడికి తెలీదు."

ఆచారి ఇది చెబుతున్నాడు. ఓబులు నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. నాలుగు గీతలు. చెరిపేసి మళ్ళీ నాలుగు.

ఆమె అక్కడే పోయింది. ముంగారు ఇంకా పడలేదు.

ఆచారి ఎక్కడ తెచ్చాడో, లోపల కనపడే ప్లాస్టిక్ పైపు ముక్కలు తెచ్చాడు. నా నాలుగు గొట్టాలనూ నడుమ కోసి వాటిని బిగించాడు.   బిగించడం అయ్యాక నా అంచు తుడిచాడు. గాడి దగ్గరికి వచ్చి, దాన్ని తుడవకుండా వదిలి, మిగతా అంచు తుడిచాడు.

వాన పడింది. నాకు పసుపు రాశారు. ఆదెమ్మ దండం పెట్టుకుని మొదటి గుప్పెడు వేసింది. ఎప్పటిలాగే దబ్బున. ఎద్దులు నాలుగడుగులు వేశాయి. ఆదెమ్మ అలవాటుగా నడుం దగ్గర ఒడిమూట ముడి విప్పి, చేతుల్లో పట్టుకుని గట్టు వైపు తిరిగింది. గట్టు మీద ఎవరూ లేరు. పెట్టె వచ్చినప్పటి నుంచీ ఆ మూట ఎవరికీ ఇచ్చే పని లేదు. అయినా ఆ రోజు ఆమె చేతులు దాన్ని ఇవ్వబోయాయి. ఇవ్వడానికి తిరిగిన మనిషి అట్లాగే నిలబడిపోయింది.

"ఏమ్మే, జరుగు" అన్నాడు ఓబులు. 

నేను నడిచాను. నా నాలుగు గొట్టాల్లోనూ గింజలు దిగడం బయటికి కనపడుతోంది. గులాబీరంగు గింజలు ఒకదాని వెనక ఒకటి, తడబాటు లేకుండా. చాలా బాగా ఉండి ఉంటుంది చూడ్డానికి. చూడాల్సినామె లేదు.

ఓబులు చూశాడు. ఎద్దులు తోలేవాడు ముందుకు చూడాలి. వాడు మాటిమాటికీ వెనక్కి తిరిగి గొట్టాల్ని చూశాడు. నా గొట్టం ఒక్కటీ మూసుకుపోలేదు. ఒక్క సాలూ ఖాళీ పోలేదు. కానీ ఆ ఏడు చేను మొలిచాక చూస్తే, ఆ కొస నుంచి ఈ కొసకు సాళ్ళన్నీ పాము పాకినట్టు వంకరలు.

"ఏమి ఓబులూ, తాగి తోలినావా గొర్రు?" అని గట్టున పోయేవాళ్ళు నవ్వారు.

 ఓబులు ఏడాదికి ఆడే ఒక్క హాస్యం కూడా ఆ ఏడు ఆడలేదు. మొదట్లో గుంపుగా లేచిన మొక్కలు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా లేదు. కొన్నేళ్ళు పనిచేశాను. ఓబులు నెమ్మదిగా మళ్ళీ ముందుకు చూడ్డం నేర్చుకున్నాడు. ఆచారి ముసలివాడై చేతులు వణికి, ఉలి పక్కన పెట్టేశాడు. ఊరికి ట్రాక్టర్ వచ్చింది. దాని వెనక కట్టే గొర్రు అంతా ఇనుము, నాకన్నా మూడింతల వెడల్పు. చావిట్లో ఆనుకుని ఉండి, అది వీధిలో పోతుంటే చూశాను. దానికి ఉన్న గొట్టాలన్నీ లోపల గింజ కనపడేవే. ఆ ఉపాయం ఎవరికి ఎక్కడ తట్టిందో నాకు తెలియదు. అట్లాంటివి ఒక్కచోటే తట్టాలని లేదు. కానీ వెనక కూర్చున్న మనిషి మెడ వంచి ఆ గొట్టాల కేసి చూస్తూ పోతుంటే, నాకు కొప్పులో పుల్ల గుచ్చుకున్న మనిషి కనపడింది.

ఓబులు ఎద్దుల్ని అమ్మేశాక నన్ను తాకే పని లేకపోయింది. ఒక రోజు పాతసామాన్లవాడు వచ్చాడు. నా మొనలు, చైను, చిన్న చక్రం పీకి తూకం వేసుకున్నాడు. దిండునూ పళ్ళనూ ఆదెమ్మ పొయ్యి దగ్గరికి చేర్చింది. చెదలు అప్పటికే సగం తిన్నాయి. చివరికి జడ్డిగాన్ని ఎత్తింది.

"అది ఇట్ల ఇయ్యి" అన్నాడు ఓబులు.

"చిల్లుల గిన్నె. ఏం పోసుకుంటావు దీంట్లో?"

"ఇయ్యిమే."

ఆదెమ్మ ఇచ్చింది. వాడు వాకిట్లో కూర్చుని నన్ను మోకాళ్ళ నడుమ ఇరికించుకున్నాడు. గుప్పెట్లో విత్తనపు గింజలు ఉన్నాయి. చెయ్యి నా అంచు మీద పెట్టి, బొటనవేలు గాడిలో ఆనించాడు. అది ఇమడలేదు. వాడి వేలు లావు. ఇంకొంచెం పక్కకు తిప్పి చూశాడు. అయినా ఇమడలేదు. అట్లాగే గింజలు వదిలాడు.

ఒక బెజ్జంలోంచి బొటబొటా పడ్డాయి. ఒక బెజ్జంలో ఒకటి అడ్డం పడి నిలిచింది. మిగతావి వాడి వేళ్ళ సందుల్లోనే ఉన్నాయి. కింద నేల మీద ఒకేచోట చిన్న కుప్ప. కోళ్ళు పరుగెత్తుకొచ్చి ఏరుకున్నాయి.

ఆదెమ్మ గడపలో నిలబడి చూస్తోంది. నవ్వలేదు.

"నేనూ అంతే గదా" అంది మెల్లగా. "ఎన్నేండ్లు పెట్టినా కుప్పే."

ఓబులు నన్ను కింద పెట్టాడు. అడ్డం పడిన గింజను వేలితో తోశాడు. "నాకు చేతగాల్యాక్కా" అన్నాడు. గట్టిగా కాదు. పక్కనున్న మనిషితో అన్నట్టు.

తర్వాత లేచి లోపలికి పోయాడు. ఇంక రాడనుకున్నాను. పోయింది ఇంకో గుప్పెడు తేవడానికి.